దక్షిణ తెలంగాణ పురపాలక అధికారుల వృత్తిశిక్షణ, పరస్పర సంబంధాలు: చారిత్రక పరిశీలన (నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలు)

వ్యాససంగ్రహం

పురపాలక సంఘాలపై వెలువడిన పరిశోధనల్లో ఎన్నికలు, ఆదాయవ్యయాలు, చట్టసవరణలు తరచుగా చర్చకు వచ్చాయి. ఆ సంఘాన్ని నడిపే కమిషనర్ తన వృత్తిని ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న ప్రశ్న వెనుకబడిపోయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలను క్షేత్రంగా తీసుకొని, నిజాం పాలన చివరి దశ నుంచి 2019 నాటి పురపాలక చట్టం వరకు ఈ ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తరగతి గది శిక్షణ కంటె బదిలీలు, పొరుగు పట్టణ సందర్శనలు, నీరు, చెత్త వంటి తక్షణ సమస్యలు ఈ అధికారులకు ఎక్కువ నేర్పాయని, అట్లా అబ్బిన విద్య వ్యక్తితోపాటే ఊరు దాటిపోయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పురపాలక పాలన, కమిషనర్, వృత్తిశిక్షణ, నల్లగొండ, పాలమూరు, సూర్యాపేట, ఫ్లోరైడ్, నందికొండ.

1. ఉపోద్ఘాతం

2018 ఆగస్టు 2న తెలంగాణలో 68 కొత్త పురపాలక సంఘాలు ఒకేసారి ఉనికిలోకి వచ్చాయి. అంతకు ముందురోజు వరకు అవి గ్రామపంచాయతీలు, లేదా వాటి సముదాయాలు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చిట్యాల, హాలియా, చండూరు, నందికొండ, నేరేడుచర్ల, తిరుమలగిరి, చౌటుప్పల్, మోత్కూరు, ఆలేరు వంటివి, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భూత్పూరు, మక్తల్, కోస్గి, పెబ్బేరు, కొత్తకోట, ఆత్మకూరు, అమరచింత, అలంపూర్, వడ్డేపల్లి వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పంచాయతీ కార్యాలయం మీది బోర్డు మారింది. లోపలి బీరువాలు, దస్త్రాలు, సిబ్బంది చాలావరకు పాతవే.

పంచాయతీ కార్యదర్శి రాసిన పద్దు వేరు, పురపాలక సంఘం రాయవలసిన పద్దు వేరు. ఇంటిపన్ను మదింపు వేరు, భవన నిర్మాణ అనుమతి వేరు, పారిశుధ్య సిబ్బంది లెక్క వేరు. ఇటువంటి చోట బాధ్యతలు స్వీకరించిన కమిషనర్‌కు సందేహం కలిగితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న 2018లో పుట్టినది కాదు. ఈ రెండు జిల్లాల్లో పట్టణపాలన మొదలైననాటి నుంచీ అది ఏదో ఒక రూపంలో ఉన్నదే. ఒక్కో కాలం దానికి ఒక్కో జవాబు చెప్పింది.

2. తహసీలు నీడలో బల్దియా

మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల్లో భాగంగా 1865లో జిలాబందీ ఏర్పడి, హైదరాబాదు రాజ్యంలో జిల్లాపాలనకు ఒక చట్రం వచ్చింది. 1869లో రాజధానికి పురపాలక వ్యవస్థ ఏర్పడింది. జిల్లా పట్టణాలకు ఆ భాగ్యం చాలా ఆలస్యంగా దక్కింది. అక్కడ వీధిదీపం, మోరీ, బజారు శుభ్రత వంటి పనులు భూమిశిస్తుపై అదనంగా వసూలు చేసిన లోకల్ ఫండ్ సెస్సు నుంచి జరిగేవి. వాటిని చూసేది రెవెన్యూ అధికారులే. జిల్లాలో అవ్వల్ తాలూక్‌దార్, తాలూకాలో తహసీల్దార్ పెద్దలు. పట్టణపాలన వారికి అనేక పనుల్లో ఒకటి, అదీ చివరిది.

కనుక ఆ కాలంలో 'పురపాలక అధికారి' అనే ప్రత్యేక వృత్తి ఈ జిల్లాల్లో లేదు. ఉన్నది రెవెన్యూ అధికారి, ఆయన కింద ఉర్దూలో మిసిల్ నడిపే గుమాస్తా, వీధుల్లో పని చేయించే దారోగా, జమేదార్, పని చేసే సఫాయి కార్మికులు. పట్టణం గురించిన అసలు జ్ఞానం ఈ దిగువ వరుసలో ఉండేది. ఏ వాడకు నీరు ఏ వైపు పారుతుంది, ఏ బావి వేసవిలో ఎండుతుంది అన్న సంగతి దారోగాకు తెలిసినంతగా తాలూక్‌దారుకు తెలిసే అవకాశం లేదు. నేటికీ తెలంగాణ వాడుకలో పురపాలక సంఘం 'బల్దియా'గానే నిలిచింది. ఉద్యోగనామాల్లోనూ ఆ కాలపు జాడ పూర్తిగా పోలేదు.

రాజధానిలో మాత్రం వేరే విద్య రూపుదిద్దుకుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడడం నగర నిర్వహణను ఇంజనీరింగ్ విద్యగా మార్చాయి. ఆ విద్య నల్లగొండకో, 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగర్‌గా మారిన పాలమూరుకో రావడానికి వంద కిలోమీటర్ల దూరం చాలా పెద్ద అడ్డంకి అయింది.

పాలమూరు సంస్థానాల సంగతి మరింత భిన్నం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాధీశుల రాజధాని గ్రామాలు వారి సొంత ఉద్యోగుల చేతుల్లో ఉండేవి. జటప్రోలు సంస్థానం కొల్లాపురం నుంచి నడిచింది. ఈ నాలుగు ఊళ్లూ నేడు పురపాలక సంఘాలే. వాటికి నిజాం ప్రభుత్వ కార్యాలయ సంప్రదాయం కూడా నేరుగా వారసత్వంగా రాలేదన్నది గమనించవలసిన అంశం.

పాలకులు నేర్పని దాన్ని పత్రికలు కొంత నేర్పడానికి ప్రయత్నించాయి. 1913లో మహబూబ్‌నగర్ నుంచి వెలువడిన 'హితబోధిని', 1922లో నల్లగొండ నుంచి వచ్చిన 'నీలగిరి' ఈ జిల్లాల్లో పౌరదృష్టికి పునాది వేశాయి. 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకున్న ఆంధ్రమహాసభ దేవరకొండ, షాద్‌నగర్, చిలుకూరు, భువనగిరి వంటి చోట్ల సభలు జరిపి స్థానిక సమస్యలను బహిరంగ చర్చలోకి తెచ్చింది. అరవముదు అయ్యంగార్ కమిటీ నివేదిక ఆధారంగా 1939లో నిజాం ప్రభుత్వం ప్రకటించిన సంస్కరణలు స్థానిక సంస్థలకు కొంత చోటిచ్చినా, అవి ప్రజలకు తృప్తి కలిగించలేదు. తరువాతి దశాబ్దం ముగిసేలోపే నల్లగొండ సాయుధపోరాట భూమి అయింది. మోరీల గురించి మాట్లాడే తీరిక ఎవరికీ లేకుండా పోయింది.

3. రెండు చట్టాలు, రెండు కార్యాలయాలు

1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆపై సైనిక ప్రభుత్వం, 1950లో వెల్లోడి ప్రభుత్వం, 1952లో పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం వరుసగా వచ్చాయి. ఈ నాలుగేళ్లలో కార్యాలయ భాష ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మళ్లింది. ఇది పైకి భాషామార్పుగా కనిపించినా, నిజానికి జ్ఞానబదిలీలో పడిన పెద్ద గండి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న గుమాస్తా ఒక్కసారిగా కొత్త భాషలో ముసాయిదా రాయలేని ఉద్యోగిగా మారాడు. పాత మిసిళ్లు చదవగలిగినవారు తగ్గుతూ వచ్చారు. ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన అధికారుల నియామకాలపై 1952లో చెలరేగిన ముల్కీ ఉద్యమాన్ని ఉద్యోగాల పంచాయితీగానే చూడడం పరిపాటి. కార్యాలయ జ్ఞాపకం ఎవరి చేతిలో ఉండాలన్న తగవు కూడా అందులో ఉంది.

1951లో హైదరాబాదు రాష్ట్రానికి పురపాలక, పట్టణ కమిటీల చట్టం, 1956లో హైదరాబాదు జిల్లా పురపాలక సంఘాల చట్టం వచ్చాయి. అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కోస్తా, రాయలసీమల్లో మాత్రం 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టమే అమల్లో ఉంది. ఒకే రాష్ట్రంలో, ఒకే సచివాలయం కింద, దాదాపు తొమ్మిదేళ్లపాటు రెండు పురపాలక చట్టాలు నడిచాయి.

మద్రాసు సంప్రదాయంలో పెరిగిన అధికారికి కార్యనిర్వాహక కమిషనర్ అనే పదవి పరిచితం. కౌన్సిల్ తీర్మానానికీ కార్యనిర్వాహకుని అధికారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆయనకు అలవాటు. తహసీలు నీడలో పెరిగిన తెలంగాణ ఉద్యోగికి అధికారం అంటే జిల్లా అధికారి హుకుం. 1965 ఏప్రిల్ నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం ఈ రెండు ధోరణులనూ ఒకే చట్టం కిందికి తెచ్చి, ప్రభుత్వం నియమించే కమిషనర్‌ను కార్యనిర్వాహక అధికారిగా నిలిపింది. చట్టం ఒకటి కావడానికి ఒక రోజు చాలింది. అలవాట్లు ఒకటి కావడానికి ఒక తరం పట్టింది.

4. శిక్షణ ఒక విధానంగా మారిన కాలం

దేశవ్యాప్తంగా పురపాలక ఉద్యోగుల శిక్షణకు తొలి ఆసరా బొంబాయిలో 1926లో ఏర్పడిన స్థానిక స్వపరిపాలన సంస్థ. శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా వంటి కోర్సులతో అది కిందిస్థాయి సాంకేతిక సిబ్బందికి ఒక అర్హతను సృష్టించింది. పై అధికారులకు తగిన వ్యవస్థ మాత్రం చాలాకాలం లేదు. 1963లో నూరుద్దీన్ అహ్మద్ కమిటీ పురపాలక ఉద్యోగుల శిక్షణను ప్రత్యేక అంశంగా తీసుకొని, వ్యవస్థీకృత శిక్షణ అవసరాన్ని నొక్కి చెప్పింది. ఢిల్లీలోని భారత ప్రభుత్వ పాలన సంస్థలో నగర అధ్యయన కేంద్రం, ప్రాంతీయ కేంద్రాలు ఈ ఆలోచనాక్రమం నుంచి వచ్చినవే. వాటిలో ఒకటి 1970లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నెలకొంది. నేడు అది ప్రాంతీయ నగర, పర్యావరణ అధ్యయన కేంద్రంగా ప్రసిద్ధం.

ఈ కేంద్రం నల్లగొండకూ పాలమూరుకూ పొరుగున ఉండడం ఒక అదృష్టం. ఉదయం బస్సెక్కితే తరగతి మొదలయ్యేలోపు చేరుకోవచ్చు. 1956లో బెల్లావిస్టా భవనంలో ప్రారంభమైన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 1976లో ఏర్పడి తరువాత మర్రి చెన్నారెడ్డి పేరు పొందిన మానవ వనరుల అభివృద్ధి సంస్థ, 2001లో వచ్చిన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ కూడా హైదరాబాదులోనే ఉన్నాయి. దేశంలో ఏ రెండు వెనుకబడిన జిల్లాలకూ ఇన్ని శిక్షణసంస్థలు ఇంత దగ్గరగా ఉండి ఉండవు. అయినా దగ్గరి సంస్థ దగ్గరి సమస్యను బోధిస్తుందన్న హామీ లేదు. హైదరాబాదు తరగతి గదిలో చర్చకు వచ్చే నగరం సహజంగానే హైదరాబాదు వంటి నగరం. యాభైవేల జనాభా, వారానికి రెండుసార్లు నల్లా, పదిమంది శాశ్వత ఉద్యోగులు ఉన్న పట్టణానికి ఆ పాఠాన్ని కుదించి వాడుకోవడం కమిషనర్ సొంత నేర్పు మీదనే ఆధారపడింది.

ఈ శిక్షణల ఫలాన్ని కొలిచేటప్పుడు పాఠ్యాంశాలను మాత్రమే చూడడం సరికాదు. వాటి అసలు ప్రయోజనం భోజన విరామంలో ఉంది. ఒకే మదింపు నిబంధనను పది పట్టణాల్లో పది రకాలుగా అమలు చేస్తున్నవారు ఒక బల్ల చుట్టూ కూర్చోవడం అక్కడే జరుగుతుంది. ఆ పరిచయం తరువాత ఫోనుకు, మరింత తరువాత వాట్సాప్ బృందానికి మారింది.

5. నల్లగొండ పేరు, నల్లగొండ నీరు

వృత్తిజ్ఞానం ఎట్లా ప్రయాణిస్తుందో చెప్పడానికి ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఉదంతాన్ని మించినది లేదు. దక్షిణ భారతంలో ఫ్లోరోసిస్‌ను 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. 1940లలోనే నల్లగొండ జిల్లా వైద్యసాహిత్యంలోకి ఎక్కింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, గడ్డకట్టించి, తేర్చి, వడగట్టే ఒక చౌక పద్ధతిని రూపొందించింది. అది 'నల్లగొండ టెక్నిక్'గా ప్రపంచానికి తెలిసింది. టాంజానియా, ఇథియోపియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని అమలు చేశారు.

పద్ధతి సరళమే. కానీ ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. ఆ రెండింటినీ పరీక్షించి మోతాదు నిర్ణయించే మనిషి ప్రతిరోజూ ఉండాలి. అడుగున చేరిన మడ్డిని తీసి ఎక్కడో పారవేయాలి. అంటే ఇది యంత్రం కాదు, ఒక ఉద్యోగి నిత్యశిక్షణ. శిక్షణ పొందిన నిర్వాహకుడు లేని చోట ఈ పద్ధతి నిలవలేదు. ఆఫ్రికాలోనూ ఇదే అనుభవం.

నల్లగొండ పట్టణానికి పరిష్కారం చివరకు పటికతో రాలేదు. కందూరు చోళుల నాటి పానగల్లు ఉదయసముద్రం కృష్ణాజలాలు నిలిపే జలాశయంగా మారి ఊరికి తాగునీరిచ్చింది. పాలమూరు పట్టణానికి రామన్‌పాడు నుంచి కృష్ణానీరు వచ్చింది. ఊరి పేరు ఖండాలు దాటిన పద్ధతికి పెట్టారు. ఆ ఊరు మాత్రం నది కోసం ఎదురుచూసింది. ఇందులో వ్యంగ్యం ఉన్నా, పరిపాలనాపరంగా అది సరైన నిర్ణయమే. రోజువారీ నైపుణ్యం నిలుపుకోలేని వ్యవస్థ, నైపుణ్యం తక్కువ అవసరమయ్యే పరిష్కారాన్ని ఎంచుకోవడంలో తప్పు లేదు.

6. సూర్యాపేట: పొరుగూరే పాఠశాల

అల్మిత్రా పటేల్ 1996లో వేసిన ప్రజాహిత వ్యాజ్యం పర్యవసానంగా 2000 సంవత్సరంలో పట్టణ ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వెలువడ్డాయి. వ్యర్థాల శుద్ధి ఏర్పాట్లకు 2003 డిసెంబరు 31 గడువు. దేశంలోని అత్యధిక పట్టణాలు ఆ గడువును కాగితం మీది తేదీగానే చూశాయి. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట ఆ కాలంలోనే వీధి చెత్తకుండీలను తొలగించి, ఇంటింటి సేకరణకు దిగి దేశం దృష్టిని ఆకర్షించింది.

సూర్యాపేట చేసినదానిలో ఖరీదైన సాంకేతికత లేదు. తడిచెత్త ట్రాక్టరులోకి, పొడిచెత్త విడిగా సంచుల్లోకి, ఒకే దఫా తిరుగుడులో చేరేది. ట్రాక్టర్లను బ్యాంకు రుణంతో మహిళాసంఘాలు సమకూర్చుకున్నాయి. తడిచెత్త వానపాముల ఎరువుగా మారింది. పొడిచెత్త అమ్ముడుపోయింది. జాతీయ రహదారి మీది వ్యాపారకేంద్రం కనుక దుకాణాల అట్టలు, ప్లాస్టిక్ ఎక్కువ. అదే రాబడి అయింది.

ఈ ప్రయోగాన్ని చూడడానికి ఇతర పట్టణాల బృందాలు వచ్చాయి. పురపాలక అధికారుల వృత్తిజీవితంలో ఇది కొత్త దశ. అంతవరకు నేర్చుకోవడానికి హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లేవారు. ఇప్పుడు నేర్చుకోవడానికి నల్లగొండ జిల్లాకు వచ్చారు. చూడవచ్చినవారికి ట్రాక్టరు కనిపిస్తుంది, ఫొటో తీసుకోవచ్చు. తెల్లవారకముందే హాజరు తీసుకునే క్రమశిక్షణ, కుండీ తీసేసిన మొదటి నెలలో వాడవాసులతో జరిగిన వాగ్వాదాలు, రుణవాయిదా తప్పకుండా సంఘానికి సకాలంలో బిల్లు చెల్లించడం కనిపించవు. ఒక పద్ధతి మరో ఊళ్లో వేళ్లూనడానికి కావలసింది ఈ కనిపించని భాగమే. ఒక పూట సందర్శనలో అది చేతికందదు. వారంపాటు ఆ ఊరి శానిటరీ ఇన్‌స్పెక్టర్ వెంట తిరిగితే అందుతుంది. అటువంటి ఏర్పాటును శిక్షణగా గుర్తించే నియమావళి ఏనాడూ బలపడలేదు.

7. పథకం వెంట వచ్చిన విద్య

1993 జూన్ 1 నుంచి అమలైన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు కొత్త బాధ్యతల జాబితానిచ్చింది. ఆ బాధ్యతలు మోయగల సిబ్బందిని ఇవ్వలేదు. ఆ లోటును పథకాలు పూరించాయి. బ్రిటన్ ప్రభుత్వ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ నిధులతో నడిచిన 'ఆంధ్రప్రదేశ్ పట్టణ పేదలకు సేవలు' పథకం తొలుత లక్ష జనాభా దాటిన 32 పట్టణాలను తీసుకుంది. మహబూబ్‌నగర్ అందులో ఉంది. 1991 జనగణన ప్రకారం లక్షకు చేరని నల్లగొండకు ఆ కొలత అడ్డమైంది. పక్కపక్క జిల్లాకేంద్రాల్లో ఒక కార్యాలయం పేదరిక నిర్మూలన కార్యాచరణ ప్రణాళిక రాయడం, ఆదాయవ్యయాలను కొత్త పద్ధతిలో చూడడం నేర్చుకుంటుండగా, మరొకటి కొన్నివేల జనాభా తక్కువైనందుకు వేచి ఉంది. శిక్షణను జనాభా లెక్కతో పంచడం ఎంత యాంత్రికమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఆ పథకం ఒక మంచి పని చేసింది. సంస్కరణ నిధికి పట్టణం ముందుగా తన ప్రణాళిక తానే రాయాలన్న షరతు పెట్టింది. నివేదిక పంపడం తప్ప ప్రణాళిక రాయడం అలవాటులేని కార్యాలయాలు మొదటిసారి తమ వాడల పటాన్ని తాము చూసుకున్నాయి. జమాఖర్చు పద్దు నుంచి అక్రూవల్ పద్ధతికి మారడం కూడా ఈ కాలంలోనే మొదలైంది. 2015లో వచ్చిన అమృత్ పథకంలో మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ నాలుగూ చేరాయి. సామర్థ్య పెంపు ఆ పథకంలో ఒక భాగం.

8. యజమాని ఎవరు?

అమెరికాలో సిటీ మేనేజర్లు 1914లో ఒక వృత్తిసంఘం పెట్టుకున్నారు. అక్కడ మేనేజరును నియమించేది, తొలగించేది ఆ నగర కౌన్సిల్. కనుక తోటి మేనేజర్ల మధ్య గుర్తింపు, నీతినియమావళి, సమావేశాలు అతని బతుకుతెరువులో భాగం. ఆ నమూనా 1990లలో భారతదేశానికీ వచ్చి, గుజరాత్ వంటి రాష్ట్రాల్లో నగర నిర్వాహకుల సంఘాలకు దారితీసింది.

తెలంగాణ కమిషనర్ పరిస్థితి వేరు. ఆయనను లేదా ఆమెను నియమించేది రాష్ట్రప్రభుత్వం, బదిలీ చేసేది ప్రభుత్వ ఉత్తర్వు. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల ద్వారా వచ్చినవారు, కింది నుంచి పదోన్నతి పొందినవారు ఒకే కుర్చీలో వంతులవారీగా కూర్చుంటారు. కనుక దృష్టి సహజంగా పైకి ఉంటుంది, పక్కకు కాదు. సమీక్షా సమావేశంలో పది మంది కమిషనర్లు కలిసినా, మాట్లాడేది ఒకరు, వినేది మిగతావారు. తప్పును ఒప్పుకోవడానికి అది చోటు కాదు. తప్పులు చెప్పుకోలేని చోట వృత్తివిద్య పెరగదు.

పాలకమండళ్లు లేని కాలాలు ఈ ధోరణిని మరింత పెంచాయి. 2010 నుంచి 2014 వరకు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ప్రశ్నించే కౌన్సిలర్ లేనప్పుడు జవాబు సిద్ధం చేసుకునే అవసరం కూడా తగ్గుతుంది. నిజానికి వార్డు సమస్యపై లేచి నిలదీసే సభ్యుడు కమిషనర్‌కు దొరికే ఉచిత శిక్షకుడు.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఆరవ జోన్‌లో ఉండేవి. జోనల్ ఉద్యోగులు ఈ రెండు జిల్లాల మధ్య తిరగడం వల్ల ఒక ఊరి అనుభవం మరో ఊరికి చేరేది. 2018 ఉత్తర్వు నల్లగొండను యాదాద్రి జోన్‌లో, మహబూబ్‌నగర్‌ను జోగులాంబ జోన్‌లో చేర్చింది. మల్టీజోన్ మాత్రం ఒకటే. స్థానికులకు ఉద్యోగావకాశాల దృష్ట్యా ఈ విభజనకు బలమైన కారణాలున్నాయి. కానీ జోన్ పరిధిలోని ఉద్యోగుల ద్వారా జరిగిన అనుభవ వినిమయానికి ప్రత్యామ్నాయం ఏదన్నది ఆ చర్చలో రాలేదు.

2019 తెలంగాణ పురపాలక చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం కేటాయించమన్నది. కమిషనర్ల బాధ్యతలను కఠినం చేసింది. ఆ బాధ్యతలు నందికొండ వంటి ఊళ్లో ఏ రూపం తీసుకుంటాయో చూడాలి. నందికొండ అంటే నాగార్జునసాగర్ ప్రాజెక్టు కట్టినవారి కోసం వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నిర్మాణానికి పుట్టిన ఊరు. క్వార్టర్ల మీద నిలబడిన పట్టణం కనుక ఆస్తిపన్ను మదింపులో మొదటి ప్రశ్నే యజమాని ఎవరన్నది. దీనికి హైదరాబాదు పాఠంలో జవాబు లేదు, మిర్యాలగూడ మిసిల్‌లోనూ లేదు. దగ్గరి పోలిక కోసం వెతకాలంటే కృష్ణ దాటి, ఆనకట్ట అవతలి ఒడ్డున అదే ప్రాజెక్టు కోసం పుట్టిన మాచర్ల వైపు విజయపురి సౌత్ కాలనీని చూడాలి. అది మరో రాష్ట్రంలో, మరో చట్టం కింద ఉంది. అక్కడి ఉద్యోగితో ఇక్కడి కమిషనర్ మాట్లాడడానికి ఏ ఉత్తర్వూ అడ్డు లేదు. ఏ ఉత్తర్వూ అట్లా మాట్లాడమని కూడా చెప్పలేదు.